సంక్రాంతి భోజనాల బల్లకి బంతిపూలా, ప్లాస్టిక్ దండలా?

ప్లాస్టిక్ దండలు ఒకసారి కొంటే నాలుగైదేళ్లు వస్తాయి, నిజమే, కానీ ఏటా అటక మీంచి దించి దుమ్ము కడిగి ఆరబెట్టే ఓపిక ఎవరికుంది? పైగా నెయ్యి పడిందంటే ఆ జిడ్డు ఓ పట్టాన వదలదు.

బంతిపూలకి అదే సీజన్. కాకపోతే పండగ ముందు రోజు రేటు పెంచేస్తారు కాబట్టి రెండు రోజుల ముందే కొని, తడి లేకుండా పేపర్లో చుట్టి ఫ్రిజ్ కింది అరలో పెట్టుకోండి. మాల కట్టక్కర్లేదు, ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రెక్కలు చల్లి మధ్యలో పెడితే చాలు. కొస ఎడమవైపు వచ్చేలా అరిటాకులు వేస్తే కంచాలు తోమే బాధ కూడా తప్పుతుంది.

జనవరి చలిలో అమెరికాలో ఉన్నవాళ్లకి బంతిపూలు దొరకడం కష్టం, వాళ్లు ప్లాస్టిక్‌వే కొనుక్కోవచ్చు, తళతళలాడేవి మాత్రం వద్దు.