పసిబిడ్డను ఎవరి దగ్గర వదలాలి? ఆయమ్మా, డేకేరా, ఆఫీసు క్రెషా, అంగన్‌వాడీయా?

ప్రసూతి సెలవు 26 వారాలూ అయిపోవచ్చేసరికి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే తల్లులకు ఒకటే బెంగ. బిడ్డను ఎవరి చేతుల్లో పెట్టి వెళ్లాలి? ఎవరిని అడిగినా ఫీజు ఎంత, తిండి ఎలా పెడతారు, ఇంటికి ఎంత దూరం అనే చెబుతారు. వీటితో పాటు ఇంకొకటి కూడా చూడమంటాను. బిడ్డకు ఏమీ జరగకుండా చట్టం ఎవరి మీద ఏ బాధ్యత పెట్టింది, జరిగితే ఎవరిని నిలదీస్తుంది? ఈ లెక్కన చూస్తే, చాలామంది అన్నిటికన్నా భద్రం అనుకునే చోటే చట్టం చూపు మిగతా చోట్లకన్నా తక్కువగా పడుతుంది.

ఆ చోటు మన ఇల్లే. ఆయమ్మను పెట్టుకుంటే బిడ్డ తన ఉయ్యాలలోనే నిద్రపోతుంది, పక్క పిల్లల జలుబులు అంటుకోవు, ఒళ్లు వెచ్చబడ్డా మనం సెలవు పెట్టక్కర్లేదు. ఏడాదిలోపు బిడ్డకు ఇది చిన్న మేలు కాదు. కానీ తలుపు వేశాక లోపల ఉండేది ఒక్క మనిషి, మాటలు రాని బిడ్డ. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద 2020లో వచ్చిన నిబంధనలు స్కూళ్లతో పాటు క్రెష్‌లను కూడా పేరు పెట్టి చెప్పాయి: పర్మినెంట్ అయినా కాంట్రాక్ట్ అయినా, పిల్లల దగ్గర మసలే ప్రతి ఉద్యోగికీ పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి. ఒక్కసారి చేయించి వదిలేయకుండా మళ్లీ మళ్లీ చేయిస్తూ ఉండాలి. పిల్లల భద్రత మీద వాళ్లకు శిక్షణ ఇప్పించాలి. ఇంట్లో పనిచేసే ఆయమ్మకు ఈ నిబంధన వర్తించదు. ఆ పని మనమే పూనుకుని చేయించుకోవాలి. ఏజెన్సీవాళ్లు వాట్సాప్‌లో పంపే ఆధార్ జిరాక్స్ వెరిఫికేషన్ కిందికి రాదు.

ఊరి నుంచి పన్నెండేళ్ల పిల్లను తెచ్చుకుని "మా బాబును ఆడిస్తుంది, మేమే చదివిస్తాం" అనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఇది మేలు చేయడం కాదు, నేరం. పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకోవడం 2006 నుంచే నిషేధం. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ తర్వాత పెట్టుకున్నవాళ్లకు ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆ అమ్మాయి కూడా పసిదే. ఇంకో పసిబిడ్డ బాధ్యత ఆమె నెత్తిన పెట్టడానికి మనసు ఎలా ఒప్పుతుందో నాకు అర్థం కాదు.

అమ్మమ్మో నాయనమ్మో ఇంట్లో ఉండి ఆయమ్మ చేతిసాయంగా ఉంటే సగం బెంగ తీరుతుంది. సగమే అనడానికి కారణం ఉంది. పోక్సో కింద నమోదయ్యే అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి మించి నిందితులు బిడ్డకు తెలిసినవాళ్లే. చట్టం కూడా చుట్టరికం ఉన్నవాళ్లు, అదే ఇంట్లో ఉండేవాళ్లు చేసిన నేరాన్ని మరింత తీవ్రంగా లెక్కిస్తుంది. అయితే ఇంట్లో ఒక బంధువు తీరు ఆయమ్మకు తేడాగా కనబడిందనుకోండి. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం ఆమె కూడా పోలీసులకు చెప్పి తీరాలి. కానీ చెబితే ఉద్యోగం ఉంటుందా? "మా వాళ్ల మీదే చెబుతావా?" అని మొదట కసిరేది మనమే. అందుకే పనిలో పెట్టుకున్న రోజే ఆమెతో ఒక మాట అనాలి: "బిడ్డ విషయంలో ఎవరి మీద అనుమానం వచ్చినా నాకు చెప్పమ్మా. నీ పనికి ఏ ఢోకా రాదు."

ఇక డేకేర్. అడ్మిషన్‌కి వెళ్తే గోడల మీద బొమ్మలు, ఏసీ, సీసీ కెమెరాలు చూపిస్తారు. నేను మాత్రం గేటు దగ్గర ఏం జరుగుతుందో చూస్తాను. నిజాంపేట వైపు ఒక డేకేర్‌లో ఒక సాయంత్రం ఓ బాబు కోసం వాళ్ల బాబాయి వచ్చాడు. బాబు "బాబాయ్!" అంటూ పరుగెత్తుకొచ్చాడు. అయినా అక్కడి టీచరమ్మ గేటు తీయలేదు. బిడ్డను తీసుకెళ్లేవాళ్ల ఫైల్లో అతని ఫొటో లేదు. తల్లికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. అతను మండిపడుతున్నా "కోపం తెచ్చుకోకండి, వాళ్లమ్మ చెప్పాలి" అంటూ నిలబెట్టేసింది. కాసేపటికి తల్లే తిరిగి ఫోన్ చేసి సరేనన్నాక, రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని పంపింది. అలాంటిచోట బిడ్డను ధైర్యంగా వదలొచ్చు.

బయటివాళ్ల రాకపోకలు ఎందుకంత ముఖ్యమంటే, 2022లో బంజారాహిల్స్‌లోని ఒక స్కూల్లో నాలుగేళ్ల పాపను చెరిచింది ప్రిన్సిపల్ కారు డ్రైవర్. 2023లో కోర్టు అతనికి 20 ఏళ్ల జైలు వేసింది. డ్రైవర్‌కి తరగతి గది దాకా దారి ఎలా దొరికిందన్నదే ఆ కేసులో గుండె కలచివేసే ప్రశ్న. ప్లంబర్లు, డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్ల వంటి బయటివాళ్లను పిల్లలు ఉండగా క్రెష్ లోపలికి రానివ్వొద్దని కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2018 మార్గదర్శకాల్లో ముందే రాసి పెట్టింది.

డేకేర్‌లో దెబ్బలు పడితే చట్టం గట్టిగానే పట్టుకుంటుంది. బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ప్రకారం బిడ్డను హింసిస్తే మామూలుగా మూడేళ్ల దాకా జైలు. అదే పని సంరక్షణ సంస్థ ఉద్యోగో నిర్వాహకుడో చేస్తే ఐదేళ్ల దాకా కఠిన కారాగారం, ఐదు లక్షల దాకా జరిమానా. కింది ఉద్యోగి చేసిన లైంగిక నేరాన్ని పోలీసులకు చెప్పకుండా దాచిన నిర్వాహకుడికి పోక్సో కింద ఏడాది దాకా జైలు. పేరు పోతుందని గుట్టుగా సర్దేసే అలవాటును మార్చగలిగేది ఈ సెక్షనే. బిడ్డను వేరే డేకేర్‌కి మార్చేసి ఊరుకునే తల్లిదండ్రులూ ఆగి ఆలోచించాలి. మిగతా పిల్లలు అక్కడే ఉంటారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయడానికి రుజువులు అక్కర్లేదు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదు.

కెమెరాల మీద నాకు అంత నమ్మకం లేదు. పిల్లలందరి దృశ్యాలూ తల్లిదండ్రులందరి ఫోన్లకూ వెళ్లడం మంచిది కాదు. బాత్‌రూమ్‌లో కెమెరా ఉండదు, ఉండకూడదు. డైపర్ మార్చేచోటు మూల గదిలో ఉందా, ఇంకొకరి కళ్లముందే ఉందా అన్నది చూడండి. అలాగని ఏడ్చే బిడ్డను ఎత్తుకోవడానికి కూడా ఆయాలు జంకే డేకేర్లు వద్దు. చట్టం భయంతో పిల్లలను ముట్టుకోవడమే మానేస్తే ఆ బిడ్డకు ఊరట ఎక్కడ దొరుకుతుంది?

ఆఫీసు క్రెష్ నిజంగా ఆఫీసు దగ్గరే ఉంటే నా ఓటు దానికే. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ పెట్టాలని, రోజుకు నాలుగుసార్లు తల్లిని వెళ్లనివ్వాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది. ఏ వేళకైనా తల్లి రావచ్చని తెలిసిన చోట పని తీరే వేరుగా ఉంటుంది. ఎక్కడో దూరంగా ఉన్న డేకేర్‌తో టై-అప్ పెట్టి చేతులు దులుపుకునే కంపెనీల దగ్గర ఈ మేలు ఉండదు.

అంగన్‌వాడీ మామూలుగా రోజంతా పసిపిల్లలను చూసుకునే చోటు కాదు. కేంద్ర ప్రభుత్వ క్రెష్ పథకం పాల్నా కింద క్రెష్ కలిపిన అంగన్‌వాడీల్లో ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలను రోజుకు ఏడున్నర గంటలు, నెలకు 26 రోజులు చూస్తారు. కూలికి, ఇళ్లలో పనికి వెళ్లే తల్లులకు ఇదే దిక్కు. మన బిడ్డను ఎత్తుకునే ఆయమ్మ తన బిడ్డను వదిలేది చాలాసార్లు ఇలాంటిచోటే, అదీ దొరికితే. పాతికమంది దాకా పిల్లలకు ఒక వర్కర్, ఒక హెల్పర్. వెరిఫికేషన్, శిక్షణ అన్నీ ఉన్నా ఆ ఇద్దరి చేతులు చాలవు. ఇక్కడ పెంచాల్సింది మనుషులను.

నా వరకు ఏడాది, ఏడాదిన్నర దాకా ఆఫీసు క్రెష్, లేదంటే పెద్దవాళ్ల తోడుతో ఆయమ్మ. బిడ్డ నడిచి నాలుగు మాటలు నేర్చాక మంచి డేకేర్. స్టాఫ్ వెరిఫికేషన్ కాగితాలు చూపించమంటే "మా మీద నమ్మకం లేదా?" అనే నిర్వాహకుల దగ్గర అడ్మిషన్ తీసుకోకండి. ఇవేవీ కుదరక ఆయమ్మ ఒక్కతే దిక్కయితే, చేరకముందే పోలీస్ వెరిఫికేషన్ చేయించండి, పాత ఇళ్లవాళ్లతో మాట్లాడండి, పక్కింటి పిన్నిగారిని రోజులో ఏదో ఒక వేళ తలుపు తట్టి బిడ్డను చూసి రమ్మనండి. ఆ సంగతి ఆయమ్మకు ముందే చెప్పండి.