అంగుళమైనా లేని తూనీగ కోసం: అమీన్‌పూర్, మారేడుమిల్లి, టైడా

తోకకు దారం కట్టి పిల్లలు ఆడుకునే తూనీగలు వేరు, ఇవి వేరు. పిగ్మీ డార్ట్‌లెట్ అనే సన్నటి తూనీగ తల నుంచి తోక కొస దాకా రెండు సెంటీమీటర్లే. గడ్డిపోచ మీద వాలిందంటే పోచలో పోచగా కలిసిపోతుంది. దీని ఫొటో కోసం బయల్దేరేవాళ్లు గది సొగసు సంగతి తర్వాత చూసుకోవచ్చు. తెల్లారేసరికి నీటి ఒడ్డుకు నడిచి చేరగలమా అన్నది ముందు తేల్చుకోవాలి. చలికాలం పొద్దున 6 నుంచి 8 దాకా, రెక్కల మీద మంచు ఆరేలోపు, అది కదలదు. ఒళ్లు వేడెక్కాక అడుగు వేస్తే చాలు, లేచిపోతుంది.

హైదరాబాద్ వాళ్లు చేయి తిప్పుకోవడానికి అమీన్‌పూర్ చెరువు మంచిది. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. మియాపూర్‌లో మెట్రో దిగి ఆటో పట్టుకునేసరికి ఎండ వచ్చేస్తుంది కాబట్టి సొంత బండి మీద వెళ్లడమే మేలు. చుట్టూ మరుగు లేని చెరువు కనుక పొద్దెక్కేకొద్దీ గాలి లేస్తుంది. గడ్డిపోచ ఊగితే షట్టర్ వేగం సెకనులో 1/250 వంతు చాలదు, 1/500కి పైగా పెట్టాలి.

అందరూ దెబ్బతినేది ఫోకస్ లోతు దగ్గర. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 100 ఎంఎం మాక్రో లెన్స్ (చిన్నవాటిని దగ్గర్నుంచి తీసేది) పెట్టి, లెన్స్ రంధ్రం ఎఫ్/8లో ఉంచి, నిజ పరిమాణంలో, అంటే సెన్సర్ మీద తూనీగ ఉన్నంత సైజులోనే పడేలా తీస్తే స్పష్టంగా వచ్చే మందం సుమారు ఒక్క మిల్లీమీటరు. కన్ను పదునుగా వస్తే తోక మసకబారుతుంది. ఆ రంధ్రాన్ని ఎఫ్/16 దాకా మూస్తే లోతు పెరుగుతుంది గానీ మొత్తం బొమ్మే మెత్తబడుతుంది. కాస్త వెనక్కి జరిగి సగం పరిమాణంలో తీసి, తర్వాత క్రాప్ చేసుకోవడం నయం. అదే ఎఫ్/8లో లోతు దాదాపు మూడు మిల్లీమీటర్లకు పెరుగుతుంది. కెమెరా వెనుక భాగం తూనీగ ఒంటికి సమాంతరంగా ఉండాలి. ఆటోఫోకస్ ఆ సన్నటి ఒంటిని వదిలేసి వెనకున్న గడ్డిని పట్టుకుంటుంది. దాన్ని ఆపేసి, మోచేతులు నేలకానించి, ముందుకూ వెనక్కూ వెంట్రుకవాసి ఊగుతూ వరసగా నొక్కాలి.

మనం దగ్గరికి జరగ్గానే అది కాడ అవతలి వైపుకు తిరిగి దాక్కుంటుంది. అప్పుడు కాడకు అటూ ఇటూ రెండు కళ్లు మాత్రం పొడుచుకొచ్చి కనిపిస్తాయి. వెంటపడి చుట్టూ తిరగొద్దు. నీడ మీద పడనీయకుండా కదలక కూర్చుంటే మళ్లీ ఇటు తిరుగుతుంది.

వాగు తూనీగలకైతే మారేడుమిల్లికి సాటి లేదు. రాజమహేంద్రవరం నుంచి సుమారు 85 కిలోమీటర్లు. వలమూరు దగ్గర గిరిజనులు నడిపే జంగిల్ స్టార్ క్యాంపు వాగు ఒడ్డునే ఉంది. గదిలోంచి నీటి దగ్గరికి నడిచిపోవచ్చు, ఈ పనికి అంతకన్నా ఏం కావాలి? ఇబ్బందల్లా చెట్ల నీడే. ఐఎస్‌వో (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 1600 దాటించాలి, లేదా ఫ్లాష్ వాడాలి. ఫ్లాష్ ముందు వెలుగును మెత్తబరిచే తెల్లటి తెర, డిఫ్యూజర్, లేకపోతే రెక్కల మీద తెల్లమచ్చలు పడతాయి. వెలుగు వెనక్కి చేరదు కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ నల్లగా వస్తుంది. తూనీగ వెనకే ఒక ఆకు ఉండేలా చూసుకుంటే ఆ నలుపు తగ్గుతుంది. సిగ్నల్ అంతంతమాత్రం, బండి సంగతి ముందే మాట్లాడుకోవాలి.

విశాఖ, అరకు దారిలోని టైడాలో పర్యాటక శాఖ జంగిల్ బెల్స్ కుటీరాలు అడవి నడుమ ఉంటాయి. కుటుంబంతో వెళ్లేవాళ్లకు ఇదే సౌకర్యం. ఏసీ గదిలోంచి తీసిన లెన్స్ బయటి తేమకు మంచు పట్టేస్తుంది, అరగంట ముందే బ్యాగుతో సహా వరండాలో పెట్టాలి. ఎక్కడ దిగినా టిఫిను వేళకు వెలుగు ముదిరిపోతుంది, ముందు రాత్రే ఫ్లాస్కులో టీ అడగండి. శని, ఆదివారాల్లో జలపాతాల దగ్గర స్నానాల సందడికి ఒడ్డు గడ్డంతా తొక్కేసి ఉంటుంది. మంగళ, బుధవారాల్లో వెళ్తే తూనీగకూ మనకూ కాస్త చోటు దొరుకుతుంది.