లాటిన్ క్రియలు: పట్టికలు వల్లె వేయడం మేలా, కథ చదువుతూ పోవడం మేలా?

వేనీ, వీదీ, వీకీ. క్రీ.పూ. 47లో నేటి టర్కీలోని జెలా దగ్గర యుద్ధం గెలిచాక సీజర్ పేరు మీద నిలిచిపోయిన మూడు మాటలివి. ఇంగ్లీషులో చెప్పాలంటే మూడుసార్లు ‘ఐ’ అనాలి, అదే తెలుగులో అయితే వచ్చాను, చూశాను, గెలిచాను, అంతే, ‘నేను’ అని విడిగా అనక్కర్లేదు, చివర ఉన్న ‘ను’ ఆ పని చేసేస్తుంది, లాటిన్‌లో చివరి ‘ఈ’ చేసినట్టే. లాటిన్ క్రియలంటే టెన్షన్ పడేవాళ్లకు నేను ముందు ఇదే చూపిస్తాను. క్రియ చివరే మనిషిని చెప్పడం మనకు మాటలు వచ్చినప్పటి నుంచీ ఉన్న అలవాటు. కాబట్టి ఏ పద్ధతి మంచిదని ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు వాళ్లలో వాళ్లు వాదించుకునేది మనకు ఉన్నదున్నట్టు పనికిరాదు, మన లెక్క వేరు.

దారులు ప్రధానంగా రెండు. మొదటిది పట్టికల దారి, అంటే ఒక్కో క్రియ రూపాలన్నీ వరసగా రాసుకుని వల్లె వేయడం. అందులో బాగా పేరున్నది వీలాక్ ఇంగ్లీషులో రాసిన లాటిన్ పాఠ్యపుస్తకం, 1956లో మొదటిసారి వచ్చింది, 40 అధ్యాయాలు. మొదటి అధ్యాయంలోనే లౌదో (మెచ్చుకుంటున్నాను), మొనెఓ (హెచ్చరిస్తున్నాను) అనే రెండు క్రియల పట్టికలు చేతిలో పెడుతుంది, ఐదో అధ్యాయానికి భవిష్యత్తు, ఇంపర్ఫెక్ట్ (అప్పట్లో జరుగుతూ ఉన్న పని) రెండూ వచ్చేస్తాయి, పన్నెండులో పర్ఫెక్ట్ (జరిగి ముగిసిన పని). ఇంటర్‌లో సంస్కృతం తీసుకుని భవతి, భవతః, భవంతి అని వల్లె వేసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు, పైగా క్రియ చివర వచ్చే అక్కడి సి, తి, అంతి, ఇక్కడి స్, త్, న్త్ చుట్టాలే. రెండోది కథ దారి. డెన్మార్క్‌కు చెందిన ఓర్బెర్గ్ రాసిన ‘ఫమిలియా రోమానా’లో 35 అధ్యాయాలూ లాటిన్‌లోనే ఉంటాయి, ఒక రోమన్ కుటుంబం కథ, ఎక్కడా అనువాదం ఉండదు, పక్కనున్న బొమ్మలూ సూచనలూ చూసుకుంటూ అర్థం చేసుకోవాలి. అందులో ఇంపర్ఫెక్ట్ 19వ అధ్యాయం దాకా రాదు. ఆ సంగతి వినగానే చాలామంది ‘ఇన్నాళ్లు ఆగాలా’ అని పక్కన పెట్టేస్తారు.

నేనూ పక్కన పెట్టి పట్టికలతోనే మొదలుపెట్టాను. నాలుగు నెలల్లో ఆరు కాలాలూ గడగడా చెప్పేవాడిని. కానీ నాలుగు వాక్యాల పేరా ముందు పెట్టుకుంటే, ప్రతి క్రియ దగ్గరా ఆగి, మనసులో అమో (ప్రేమిస్తున్నాను), అమాస్, అమత్, అమాముస్ అని మొదటి నుంచి అనుకుంటూ కావాల్సిన రూపం దగ్గరికి రావాల్సి వచ్చేది. ఎక్కం మొత్తం చెప్పుకుంటే గానీ ఏడు ఎనిమిదులు ఎంతో తెలియని పిల్లాడి పరిస్థితి అది. ఓర్బెర్గ్ 18 అధ్యాయాల పాటు వర్తమానంలోనే తిప్పడానికి కారణం అప్పుడు అర్థమైంది. స్, త్, ముస్, తిస్, న్త్ అనేవి వందలసార్లు కళ్ల ముందు తిరిగాక, అమాబత్ (ప్రేమించేవాడు) లో కొత్తగా కనిపించేది మధ్యలో ‘బ’ ఒక్కటే.

ఇక భూతకాలం. ఇక్కడ మనకు తెలుగు చేసే సాయం అంతా ఇంతా కాదు. పట్టికల పుస్తకాలు ఇంపర్ఫెక్ట్‌కు ఇంగ్లీషులో మూడు అర్థాలు, పర్ఫెక్ట్‌కు మూడు అర్థాలు ఇస్తాయి, అవి చదివాక ఉన్న స్పష్టత కూడా పోతుంది. తెలుగులో చూడండి. అంబులాబమ్ అంటే నడిచేవాడిని, లేదా అప్పుడు నడుస్తూ ఉన్నాను. అంబులావీ అంటే నడిచాను. ‘చిన్నప్పుడు రోజూ బడికి నడిచేవాడిని, నిన్న ఒక్కరోజే నడిచాను’ అన్నప్పుడు మనం ఏ తేడా చూపిస్తున్నామో, సరిగ్గా అదే తేడా. దీనికి పాఠమే అక్కర్లేదు, కథలో రెండు మూడుసార్లు ఎదురైతే దానంతటదే పట్టుబడుతుంది. నోట్సులో అర్థం ఇంగ్లీషులో కాకుండా తెలుగులో రాసుకోండి, సగం తలనొప్పి అక్కడే తీరిపోతుంది.

భవిష్యత్తు దగ్గర మాత్రం తెలుగే మనల్ని పడేస్తుంది. ‘రోజూ వస్తాడు’, ‘రేపు వస్తాడు’, రెండిటికీ మనకు ఒకటే రూపం. లాటిన్‌లో రెండూ వేరు. రెగిత్ అంటే పాలిస్తున్నాడు, లేదా రోజూ చేసే పనిగా పాలిస్తాడు. రెగెత్ అంటే ఇకముందు పాలిస్తాడు. తేడా ఒక్క అచ్చు. పోనీ ‘ఎత్’ అంటే భవిష్యత్తు అని గుర్తుపెట్టుకుందామా అంటే, మొనెత్ వర్తమానం, హెచ్చరిస్తున్నాడు అని. దాని భవిష్యత్తు మొనేబిత్. ఇక్కడ కథ చదవడం ఒక్కటే సరిపోదు, ఎందుకంటే సందర్భాన్ని బట్టి తెలుగులో ‘పాలిస్తాడు’ అనుకుని ముందుకు వెళ్లిపోతాం, తప్పు చదివామని కూడా తెలియదు. నేను అలా చాలా పేజీలు దాటేశాను. దీనికి పట్టికే మందు. లాటిన్ క్రియలు నాలుగు గణాలు, అంటే నాలుగు గుంపులు. మొదటి రెండు గణాలకు భవిష్యత్తులో బో, బిస్, బిత్. మూడు, నాలుగు గణాలకు అమ్, ఏస్, ఎత్. ఇవి నోటికి వచ్చేదాకా పైకి చదవాల్సిందే, ఇందులో మొహమాటం లేదు.

అందుకే నా మాట ఇది. కథతో మొదలుపెట్టండి, 19వ అధ్యాయం దాకా పట్టికల జోలికి పోవద్దు. 20లో భవిష్యత్తు వస్తుంది, 21లో పర్ఫెక్ట్, వరసగా మీద పడతాయి, చాలామంది ఆగిపోయేది అక్కడే. అప్పుడు వీలాక్ తెరవండి, భవిష్యత్తు పట్టికలు వల్లె వేయండి, నాలుగు గణాలవీ. ఆరు నెలల్లో పరీక్ష ఉన్నవాళ్లకు ఈ సలహా పనికిరాదు, వాళ్లు మొదటి రోజు నుంచే పట్టికలు పట్టుకోవాలి.

ఏ దారిలో వెళ్లినా నోట్సు మాత్రం తెలుగు లిపిలో ఒకసారి రాసుకుని చూడండి. లాటిన్‌లో హ్రస్వ ఎ, దీర్ఘ ఏ వేరు, మన లిపిలో ఆ రెండిటికీ విడి అక్షరాలున్నాయి. మొనేరె అని రాస్తే మధ్యలో దీర్ఘం కనబడుతుంది, అంటే రెండో గణం, భవిష్యత్తు ‘బిత్’. రెగెరె అని రాస్తే హ్రస్వం, మూడో గణం, భవిష్యత్తు ‘ఎత్’. వెనిత్ అంటే వస్తున్నాడు, వేనిత్ అంటే వచ్చాడు. నేర్చుకునేవాళ్ల కోసం వేసిన పుస్తకాల్లో దీర్ఘం మీద చిన్న గీత పెడతారు, మామూలు ప్రతుల్లో అది కూడా ఉండదు, రెండూ ఒకేలా కనిపిస్తాయి. నా పుస్తకంలో ఆ రెండు మాటలూ పక్కపక్కన రాసి, ఏత్వం కింద ఎర్ర పెన్నుతో గీత గీసుకున్నాను.