టెక్సస్‌లో పిల్లల డ్రైవింగ్: పేరెంట్ టాట్, డ్రైవింగ్ స్కూల్, 18 దాకా ఆగడం... ఏది మేలు?

టెక్సస్‌లో పిల్లలకి 15 నిండగానే తెలుగిళ్లలో ఒక గొడవ మొదలవుతుంది. వాడేమో క్లాసులో అందరూ పర్మిట్ తెచ్చేసుకున్నారంటాడు, వాళ్ల నాన్న ఇన్సూరెన్స్ కోట్ చూసి అప్పుడే ఎందుకురా అంటాడు, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మయితే మూతి మీద మీసమైనా రాలేదు వీడికి కారేంటే అని మన మీద పడుతుంది. మా ఇంట్లోనూ అదే జరిగింది.

ఉన్న దారులు మూడు. డ్రైవింగ్ స్కూల్లో చేర్పించడం, పేరెంట్ టాట్ అని మనమే నేర్పించుకోవడం, లేదా ఏమీ చేయకుండా 18 దాకా ఆగడం. చాలామంది ఈ మూడింటినీ డబ్బు లెక్కలో పోలుస్తారు. నాకు మాత్రం చూడాల్సింది ఒకటే అనిపిస్తుంది: పిల్లాడి పక్కన పెద్దవాళ్లు ఎన్ని గంటలు కూర్చుంటారు, ఎలాంటి రోడ్ల మీద కూర్చుంటారు.

ముందు రూలు చెప్తాను, ఎందుకంటే స్కూలుకి పంపితే మన పని అయిపోయిందనుకునేవాళ్లు బోలెడుమంది. 18 లోపు లైసెన్స్ కావాలంటే క్లాసు పాఠాలు కాక కారులో మొత్తం 44 గంటలుండాలి. అందులో 7 గంటలు నేర్చుకుంటూ నడపడం, 7 గంటలు ఇంకొకరు నడుపుతుంటే చూడటం, మిగతా 30 గంటలు ప్రాక్టీసు, ఆ 30లో 10 రాత్రిపూట. లెర్నర్ లైసెన్స్ (అదే పర్మిట్) మీద కనీసం 6 నెలలుండాలి, 16 నిండాలి, టెస్టుకి ముందు రెండు గంటల ఇంపాక్ట్ టెక్సస్ టీన్ డ్రైవర్స్ వీడియో కోర్సు చూడాలి. స్కూలు తీసుకునేది ఇందులో 7, 7 మాత్రమే. ఆ 30 గంటలు ఏ దారిలో వెళ్లినా మన నెత్తినే ఉంటాయి. మరి ఏం చేస్తున్నారంటే, చివరి వారంలో డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, ఒకే పెన్నుతో రాస్తే అనుమానం వస్తుందని రెండు పెన్నులు మార్చి మరీ ఈ గంటలు రాసే లాగ్ షీట్ నింపేస్తున్నారు. రాత్రి గంటలైతే పూర్తిగా ఊహే.

స్కూల్లో మంచి లేదని కాదు. ఇన్‌స్ట్రక్టర్ వైపు కూడా బ్రేక్ ఉంటుంది, మనలాగా బ్రేక్ లేని చోట కాలు నొక్కుతూ కూర్చునే ఖర్మ ఆయనకి లేదు. పిల్లాడి మీద కోపం ఉండదు, నిన్నటి మ్యాథ్స్ మార్కులు మధ్యలోకి రావు. ప్యారలల్ పార్కింగ్ టెస్టులో ఉంటుంది కాబట్టి దాన్ని చక్కగా నేర్పిస్తారు. టెస్టు పెట్టడానికి అనుమతి ఉన్న స్కూలైతే లైసెన్సులిచ్చే డీపీఎస్ ఆఫీసు అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడక్కర్లేకుండా అక్కడే టెస్టు కూడా అయిపోతుంది. కానీ ఏడు గంటల్లో వాళ్లు మాత్రం ఎంతని చూపిస్తారు? సాయంత్రం ఆరింటికి 121 టోల్‌వే మీదికి మెర్జ్ అవ్వడం, వానలో హైవే పక్కనే సాగే ఫ్రంటేజ్ రోడ్డు, ఎదురెండలో సిగ్నల్ కనపడకపోవడం, ఇవన్నీ ఆ షెడ్యూల్లో పడితే అదృష్టమే. మూడు నాలుగు వందల డాలర్లో ఇంకా ఎక్కువో ఇచ్చి కొనేది మంచి మొదలు మాత్రమే.

పేరెంట్ టాట్ చవక. డ్రైవింగ్ శిక్షణ వ్యవహారాలు చూసే రాష్ట్ర శాఖ టీడీఎల్‌ఆర్ దగ్గర గైడ్‌కి 20 డాలర్లు, పైన ఆన్‌లైన్ కోర్సు ఖర్చు. ఒక్క జాగ్రత్త ఉంది: ఆ గైడ్ తెప్పించుకున్నాకే మొదలుపెట్టాలి, ముందే చేసేసిన గంటలు లెక్కలోకి రావు. నేర్పించేవాళ్ల లైసెన్స్ ఎన్నాళ్లదో, రికార్డు ఎలా ఉందో కూడా చూస్తారు, కాబట్టి ఈమధ్యే దేశానికి వచ్చినవాళ్లు ఆ షరతులు ముందే చదువుకోవడం మంచిది. దీని బలమంతా ఎక్కడుందంటే, రోజూ ఎలాగూ వెళ్లే దారులే పాఠాలైపోతాయి. ఇండియన్ స్టోర్‌కి వెళ్లి రావడం ఒక పాఠం. ఆదివారం ఫ్రిస్కో హనుమాన్ గుడి దగ్గర, స్ట్రోలర్లూ చెప్పుల కోసం వెతికే పెద్దవాళ్లూ అడ్డం తిరుగుతుంటే పార్కింగ్‌లోంచి రివర్స్ చేయడం ఏ స్కూలూ చెప్పలేని పాఠం.

దీని బలహీనత కూడా మనమే. చూసే 7 గంటల్లో వాడు చూసేది మన డ్రైవింగ్‌నే కదా. స్టాప్ సైన్ దగ్గర పూర్తిగా ఆపకుండా మెల్లగా జారిపోవడం, ఒళ్లో ఫోన్ పెట్టుకుని రెడ్ లైట్ దగ్గర వాట్సాప్ చూడటం, అన్నీ శ్రద్ధగా నేర్చేసుకుంటాడు. పైగా అరుపులు. మెరిసే పసుపు బాణం దగ్గర లెఫ్ట్ తీసుకోవాలి, అంటే ఎదురొచ్చే కార్లకి దారిచ్చి సందు చూసుకుని వెళ్లాలి. కొత్త డ్రైవర్లు దూరం, వేగం తప్పుగా అంచనా వేసేది సరిగ్గా ఇక్కడే. మా ఆయన అక్కడ "వెళ్లు, వెళ్లిపో... ఆగు ఆగు ఆగు!" అని ఒకే ఊపిరిలో అనేసేవారు. వాడు కూడలి మధ్యలో సగం తిరిగి ఆపేసి, "నాన్నా, ఏదో ఒకటి చెప్పు!" అని వణికిపోయేవాడు. తర్వాత ఇంట్లో ఒక పద్ధతి పెట్టాం. చెప్పేదేదైనా సిగ్నల్ రాకముందే చెప్పాలి, కూడలిలో నోరు మూసుకోవాలి, తప్పు జరిగితే కారు పార్క్ చేశాకే మాట్లాడాలి. పద్ధతి నచ్చని రోజున మా ఆయన ఇంట్లోనే ఉండిపోతారు, నేను కూర్చుంటాను. ఓపికలేని మనిషి పక్కన కూర్చునే పది గంటల కన్నా ఓపికున్న మనిషి కూర్చునే మూడు గంటలు నయం.

ఇక మూడోది, మనవాళ్లకి బాగా ఇష్టమైనది: 18 దాకా ఆగడం. కాలేజీ అడ్మిషన్లకి ఎస్ఏటీ ఉంది, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలున్నాయి, ఇన్సూరెన్స్ మిగులుతుంది, రెండేళ్లు టెన్షన్ తప్పుతుంది. 18 దాటాక ఆరు గంటల అడల్ట్ కోర్సు ఆన్‌లైన్‌లో చూసి, గంటసేపు ఇంకో వీడియో చూసి టెస్టిచ్చేయొచ్చు. ఆరు నెలల నియమం లేదు, లాగ్ షీట్ లేదు. మనం హైదరాబాద్‌లో ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని, నెల తర్వాత హెచ్ ట్రాక్ మీద టెస్టిచ్చి బయటపడినట్టే, మాకెవరు నేర్పారు అని అడిగేవాళ్లూ ఉన్నారు. సరే, కానీ అక్కడ మనం అర్ధరాత్రి గంటకి 75 మైళ్ల వేగంతో ఐ-35 హైవే మీద నలుగురు ఫ్రెండ్స్‌ని ఎక్కించుకుని వెళ్లలేదు.

నేను దీన్ని వద్దనేది ఇందుకే. ఈ దశలవారీ లైసెన్స్ ఉద్దేశమే ప్రమాదాన్ని వాయిదాల్లో ఇవ్వడం. మొదట పక్కన పెద్దవాళ్లుండాలి. తర్వాత ప్రొవిజనల్ లైసెన్స్‌తో ఒంటరిగా, కానీ ఇంటివాళ్లు కాకుండా 21 లోపువాళ్లు ఒక్కరికి మించి కారులో ఉండకూడదు, ఉద్యోగం, స్కూలు, అత్యవసరం లాంటివి తప్ప రాత్రి 12 నుంచి 5 దాకా నడపకూడదు, ఫోన్ అసలే కూడదు. 16 నుంచి 19 ఏళ్లవాళ్లకి మైలుకి లెక్కేస్తే ప్రాణాంతక ప్రమాదాల రేటు 20 దాటినవాళ్ల కన్నా దాదాపు మూడు రెట్లు. అందులో తోటి పిల్లలు కారెక్కితే ముప్పు ఇంకా పెరుగుతుంది. 18 దాకా ఆగినవాడికి ఈ మెట్లేవీ ఉండవు. ఆగస్టులో కాలేజీకని ఆస్టిన్‌కో కాలేజ్ స్టేషన్ ఊరికో వెళ్లి, మనం పక్కన లేని ఊళ్లో మొదటిసారి రాత్రిపూట నడుపుతాడు. ఇన్సూరెన్స్ మిగిలిందన్నది కూడా సగం మాటే, 18లో కొత్తగా లైసెన్స్ తెచ్చుకున్నా కంపెనీకి వాడు కొత్త డ్రైవరే.

న్యూజెర్సీ వాళ్లకి ఈ ఎత్తుగడ పనిచేయదు. అక్కడ 16కి పర్మిట్ తీసుకుంటే ఆరు గంటలు డ్రైవింగ్ స్కూల్లో నడపడం తప్పనిసరి, ప్రొబేషనరీ లైసెన్స్ 17కే. 18 దాకా ఆగినా 21 లోపు ఆరు నెలలు పెద్దవాళ్లతో నడపాల్సిందే, ఆ తర్వాత ప్రొబేషనరీ దశ కూడా ఉంటుంది, నంబర్ ప్లేట్ల మీద ఎర్ర స్టిక్కర్లు కూడా అతికించుకోవాలి. ఎడిసన్‌లో ఉండే మా పిన్ని కూతురు ఆ స్టిక్కర్‌కి సిగ్గుపడి మూతి ముడుచుకుంది గానీ, నాకైతే టెక్సస్‌లోనూ ఉంటే బాగుండుననిపించింది.

నా ఓటు అయితే ఇది. ఇంట్లో ఓపికున్న మనిషి ఒక్కరైనా ఉంటే పేరెంట్ టాట్. ఇద్దరూ అరిచే రకమైతే మొదటి 7, 7 స్కూలుకి వదిలేసి, చేతులు కుదిరాక 30 గంటలు మీరు నిజంగా చేయించండి. డబ్బు చాలకపోతే స్కూల్లో రెండు మూడు పాఠాలు మాత్రమే విడిగా తీసుకున్నా సరే, పార్కింగ్‌కి పనికొస్తాయి. పిల్లకి ఇప్పటికే పదిహేడున్నర దాటి ఆరు నెలల లెక్క 18 లోపు కుదరకపోతే ఆగక తప్పదు. అప్పుడు కూడా లెర్నర్ లైసెన్స్ ఇప్పుడే తీయించి ఆ గంటలు మొదలుపెట్టండి, కాలేజీకి వెళ్లాక కనీసం థాంక్స్‌గివింగ్ సెలవుల దాకా కారులో ఒక్క ఫ్రెండ్‌కి మించి ఎక్కించుకోనని మాట తీసుకోండి, ఇన్సూరెన్స్ కట్టేది మీరే కాబట్టి అడిగే హక్కు మీకుంది.