విండోస్ సాఫ్ట్‌వేర్లన్నీ నడుస్తాయంటూ లైనక్సు వేసి అమ్ముతున్న పాత కంప్యూటర్లతో జాగ్రత్త

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో డీటీపీ సెంటర్లు, చిన్న దుకాణాలు నడుపుతూ సెకండ్ హ్యాండ్ కంప్యూటరు కొనాలనుకుంటున్న వారి కోసం ఇది రాస్తున్నాను. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసరూ, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పూ కావాలి. అందుకే ఆఫీసులు వదిలించుకున్న అంతకంటే పాత సిస్టంలలో విండోస్‌కు బదులుగా వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టం లైనక్సు వేసి, తెరను అచ్చం విండోస్‌లా కనబడేటట్టు మార్చి, విండోస్ ప్రోగ్రాములను లైనక్సులో నడిపే వైన్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించి అమ్ముతున్నారు. లైనక్సు మంచిదే, దానితో నాకు పేచీ లేదు. తిరుపతిలోని ఒక దుకాణంలో నాకు చెప్పిన మాట మాత్రం వేరు: "ఏ విండోస్ సాఫ్ట్‌వేరైనా నడుస్తుంది సార్, ధైర్యంగా తీసుకోని పొండి."

దుకాణంలో చూపించినవి ఒక నోట్‌ప్యాడు, ఒక చిన్న ఆట. ఆ మాట నమ్మి కొని సెంటరుకు తెచ్చాక, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 కూడా తెరుచుకుంది, ఫాంట్లు కాపీ చేస్తే పాత శుభలేఖలో 'శ్రీరస్తు, శుభమస్తు' చెక్కుచెదరకుండా వచ్చింది. కానీ పెళ్లికొడుకు పేరు మార్చబోతే ఒత్తు ఒకచోట, గుడి ఇంకొకచోట పడ్డాయి. మన పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు అక్షరాల ముక్కలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాగి ఉంటాయి, వాటిని కూర్చి పెట్టే పని కీబోర్డు సాఫ్ట్‌వేరుది. ఆ సాఫ్ట్‌వేరేమో, అసలు కాపీయేనని రుజువుగా కంప్యూటరుకు గుచ్చి ఉంచే యూఎస్‌బీ లాక్ లేదంటూ మొరాయించింది. విచిత్రం ఏమిటంటే, లైనక్సు చూపించే యూఎస్‌బీ పరికరాల జాబితాలో ఆ లాక్ స్పష్టంగా కనబడుతూనే ఉంది.

కారణం తెలిస్తే ఇందులో వింతేమీ లేదు. వైన్‌లో విండోస్ ఉండదు. ప్రోగ్రాము విండోస్‌ను అడిగే పనులను అది అప్పటికప్పుడు లైనక్సుకు అర్థమయ్యేటట్టు మార్చి చేయిస్తుంది. ఫైళ్లు తెరవడం, తెరపై గీయడం వంటివి చాలావరకు ఇలా సాగిపోతాయి. లాక్‌లకూ కొన్ని పరికరాలకూ విండోస్ కెర్నల్‌లో, అంటే దాని లోపలి కీలక భాగంలో, కూర్చుని పరికరాన్ని నడిపే డ్రైవరు కావాలి, అలాంటి డ్రైవర్లు సాధారణంగా వైన్‌లో పనిచేయవు. 1993 నుంచి ఎందరో కష్టపడి తయారుచేసి ఉచితంగా ఇస్తున్న వైన్‌ను నేను తప్పుపట్టను. అన్నీ నడుస్తాయని దాని తయారీదారులే ఎన్నడూ అనలేదు. పైగా ఏ ప్రోగ్రాము ఏ వెర్షన్ ఎంత బాగా నడిచిందో ప్లాటినం నుంచి గార్బేజ్ వరకు రేటింగులతో తమ వెబ్‌సైటులోని యాప్‌డీబీ అనే జాబితాలో పెట్టారు. అమ్మేవారు ఆ జాబితాను ఒక్కసారి చూసినా ఇంత గట్టిగా చెప్పేవారు కాదు.

దుకాణం వారిని తిరిగి అడిగితే వర్చువల్ మెషీన్‌లో, అంటే లైనక్సు లోపలే సాఫ్ట్‌వేరుతో సృష్టించే మరో కంప్యూటరులో, విండోస్ వేసిస్తామన్నారు. ఆ మార్గంలో యూఎస్‌బీ లాక్‌ను లోపలి విండోస్‌కు అప్పగించవచ్చు కాబట్టి పని జరిగే అవకాశం ఉంది, కానీ ఉన్న 8 జీబీ ర్యామ్‌ను రెండు సిస్టంలు పంచుకోవాలి, విండోస్‌కు లైసెన్సు వేరుగా కొనాలి. లైసెన్సు సంగతి ఎత్తగానే వారు మాట దాటవేశారు. క్రాక్ చేసిన కాపీని కస్టమర్ల ఆధార్ కార్డులు స్కాన్ చేసే కంప్యూటరులో పెట్టడానికి నేను ఒప్పుకోలేదు.

కొనబోయేవారు తమ లాక్, తమ ప్రింటరు, తాము రోజూ వాడే ఒక ఫైలు వెంట తీసుకెళ్లి, దుకాణంలోనే ఆ ఫైలులో ఒక పేరు మార్చి, ప్రింటు తీయించి చూడండి. తెరుచుకున్నంత మాత్రాన ఒప్పుకోకండి. ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్ నడుస్తుందని చెప్పారో బిల్లు మీద పేరుతో సహా రాయించుకోండి. నా బిల్లులో 'రీఫర్బిష్డ్ సిస్టం' అని తప్ప ఇంకేమీ లేదు, ఇప్పుడు దుకాణం వారు పట్టుకున్నదీ దాన్నే. అయితే వాట్సాప్‌లో వారు పంపిన 'అన్నీ నడుస్తాయి' అనే సందేశం నా దగ్గర ఉంది. దాన్ని జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు పెట్టాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు, ఫిర్యాదు చేయడానికి గడువు 2 ఏళ్లు.