కూర్మన్నపాలెం జంక్షన్‌లో అప్ప ఇడ్లీ బండి

ఈ బండికి పేరు లేదు, బోర్డూ లేదు. విశాఖలో కూర్మన్నపాలెం జంక్షన్‌లో దిగి గాజువాక వైపు కొంచెం నడిస్తే వేపచెట్టు కింద నీలం టార్పాలిన్ కనిపిస్తుంది, అదే. పొద్దున అయిదున్నరకు పొయ్యి వెలుగుతుంది. తొమ్మిదింటికల్లా గిన్నెలు కడిగేస్తారు. నడిపేది ఒకావిడా, ఆవిడ కొడుకూ. ఆవిణ్ణి అందరూ "అప్పా" అనే పిలుస్తారు.

ఆ పిలుపు వినగానే మొదటిరోజు నేను ఆశ్చర్యపోయాను. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా వైపు "ఏమప్పా" అన్నామంటే మగవాళ్ళనే. ఇక్కడ శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి అప్ప అంటే అక్క. గడ్డం నెరిసిన లారీ డ్రైవరు కూడా "అప్పా, ఇంకో రెండెయ్యి" అని ప్లేటు చాపుతాడు. నాకు ఆ మాట నోరు తిరగడానికి నెల పట్టింది. ఇప్పుడు నేనూ అప్పా అనే అంటున్నాను.

ముందు తిండి సంగతి. ఇడ్లీ గుడ్డ మీద వేస్తుంది. ఆవిరి మీద నుంచి రేకు దించి, గుడ్డను తిరగేసి, వెనక నుంచి చేత్తో నీళ్ళు చిలకరించి, ఒక్కో ఇడ్లీని మెల్లగా ఒలుస్తుంది. అడుగున నేత గీతలు పడి ఉంటాయి. చేతిలోకి తీసుకుంటే వేడికి వేళ్ళు మార్చుకోవాలి. రవ్వ సన్నగా ఉండి, నోట్లో పెట్టుకుంటే నమలాల్సిన పని పెద్దగా ఉండదు. నాలుగు ఇడ్లీ ముప్పై రూపాయలు. పూరీ శని, ఆదివారాలు మాత్రమే.

బొంబాయి చట్నీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఉగ్గాని, బజ్జీ తిని పెరిగిన నాకు ఇడ్లీ మీద పచ్చగా, జారుగా ఉన్న ఈ సెనగపిండి చట్నీ మొదట్లో కొత్తగా అనిపించింది. ఆవాలు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపు వేగాక నీళ్ళలో ఉండకట్టకుండా కలిపిన పిండి పోసి, పసుపు వేసి, పచ్చివాసన పోయేదాకా తిప్పుతూనే ఉంటుంది. దించాక నిమ్మకాయ పిండుతుంది. తిప్పడం ఆపితే అడుగంటుతుంది కాబట్టి ఆ పదినిమిషాలూ ఎవరు అడిగినా వడ్డించదు. "ఆగండి బాబూ, ఇదొక్కటి అవనీండి" అంటుంది. ఆగడంలో నష్టం లేదు.

ఇంత చెప్పినా, నేను ఈ బండి గురించి రాయడానికి అసలు కారణం ఇడ్లీ కాదు.

నేను పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీలో క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) విభాగంలో చేస్తున్నాను. విశాఖ వచ్చిన కొత్తల్లో రూము, కంపెనీ బస్సు, ల్యాబు తప్ప నాకు ఇంకేమీ తెలియదు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వచ్చి, తిని, స్కాన్ చేసి వెళ్ళిపోయేవాణ్ణి. పోయిన అక్టోబరులో ఒక రాత్రి శాంపిళ్ళు పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ మిషను మీద పెట్టిన రన్ మొత్తం పోయింది. తెల్లవారుజామున మూడింటికి గానీ తెలియలేదు. షిఫ్ట్ ఇన్‌ఛార్జి అందరి ముందూ అరిచాడు, ఏం జరిగిందో చెప్పనివ్వలేదు కూడా. బస్సులో ఫోన్ తీసి రాజీనామా మెయిల్ సగం టైప్ చేశాను. బయట అల్పపీడనం వాన, రెండు రోజులుగా తెరిపి లేదు.

దిగేసరికి బండి దగ్గర టార్పాలిన్ కింద చోటు లేదు. ఉన్నవి నాలుగు స్టూళ్ళు. స్టీల్ ప్లాంటులో సి షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, దిగి వచ్చినవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒక పెద్దాయన నన్ను చూసి లేచి, "ఇలా వచ్చి కూకో బాబూ, నాకు అయిపోనాది" అన్నాడు. అయిపోలేదు. ఆయన ప్లేటులో ఒకటిన్నర ఇడ్లీ నాకు కనిపిస్తూనే ఉంది. పక్కకు వెళ్ళి, టార్పాలిన్ అంచు నుంచి కారుతున్న నీళ్ళు భుజం మీద పడుతుండగా నిలబడి తిన్నాడు. ఒక ఆటో అన్న తన మెడలోని తువ్వాలు తీసి "తల తుడుచుకో, జలుబు చేస్తాది" అని ఇచ్చాడు. వాళ్ళిద్దరినీ అంతకుముందు నేను చూడనే లేదు.

అప్ప ప్లేటు అందిస్తూ, "ఏటి బాబూ, రెండ్రోజులై రాలేదు? ఒంట్లో బాగులేదేటి?" అంది.

ఆ రెండు రోజులు నాకు ఆఫ్. అప్పటికి మూడు నెలలుగా వస్తున్నా నా పేరేమిటో ఆవిడకు చెప్పలేదు, ఆవిడ అడగలేదు. కానీ నేను రాని రోజులు ఆవిడకు గుర్తున్నాయి. ప్లేటులోకి చూస్తే బొంబాయి చట్నీ రెండు గరిటెలు ఉంది, అల్లం చట్నీ లేదు. నాకు అల్లం పడదు. నేను ఎప్పుడూ చెప్పలేదు, రోజూ వదిలేసేవాణ్ణి అంతే. ఆవిడ చూసి పెట్టుకుంది.

బాగానే ఉందప్పా అన్నాను. గొంతు సరిగ్గా రాలేదు. ఆవిడ ఇంకేమీ అడగకుండా టీ గ్లాసు పక్కన పెట్టి తన పనిలో పడింది.

అమ్మ రోజూ ఫోన్ చేస్తుంది. ఆ రోజు చేసినా నిజం చెప్పలేకపోయేవాణ్ణి, చెబితే ఆమెకు నాలుగు రోజులు నిద్ర ఉండదు. ఈ ముగ్గురి దగ్గర దాచాల్సింది ఏమీ లేదు. నా జీతం, నా పెళ్ళి, నా తప్పొప్పులు వాళ్ళకు అక్కర్లేదు. తడిసి వచ్చాను, ఆకలిగా ఉన్నాను, అది చూశారు. ఉద్యోగంలో గొడవ అలాగే ఉంది, ఇన్‌ఛార్జి కూడా అలాగే ఉన్నాడు. మెయిల్ మాత్రం పంపలేదు. రూముకు వెళ్ళి పడుకుంటే నిద్ర పట్టింది.

తర్వాత ఇలా ముక్కూమొహం తెలియనివాళ్ళతో కలిసే రెండు మాటల గురించి కొంత చదివాను. కెనడాలోని వాంకూవర్‌లో జిలియన్ శాండ్‌స్ట్రామ్, ఎలిజబెత్ డన్ అనే పరిశోధకులు ఒక కాఫీ షాపుకు వచ్చేవాళ్ళ మీద చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. కొందరిని చకచకా కొనుక్కుని వచ్చేయమన్నారు, కొందరిని కౌంటరులో ఉన్నవాళ్ళను చూసి నవ్వి రెండు మాటలు మాట్లాడమన్నారు. మాట్లాడినవాళ్ళే ఎక్కువ ఉల్లాసంగా బయటికొచ్చారు. అదే ఏడాది షికాగో రైలు ప్రయాణికుల మీద నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ చేసిన పని ఇంకా నచ్చింది. తమ మానాన తాము కూర్చుంటేనే హాయిగా ఉంటుందని జనం ముందుగా అనుకున్నారు, తీరా చూస్తే పక్కవాళ్ళతో మాట కలిపినవాళ్ళకే ప్రయాణం బాగా గడిచింది. ఆ మూడు నెలలూ నేనూ ఎవరితో మాట్లాడకుండా ఉంటేనే హాయి అనుకున్నాను. ఇప్పుడు బస్సు దిగేటప్పుడే ఇయర్‌ఫోన్స్ తీసి జేబులో పెడుతున్నాను.

లోపాలూ చెప్పాలి. ఎనిమిదిన్నర దాటితే పల్లీ చట్నీలో నీళ్ళు కలుస్తాయి, రుచి తెలిసిపోతుంది. హైవే పక్కన కాబట్టి లారీ వెళ్ళినప్పుడల్లా దుమ్ము లేస్తుంది, చట్నీ గిన్నెల మీద మూతలు ఇంకా జాగ్రత్తగా పెట్టాలి. ఈ మాట ఆవిడతోనే అన్నాను, ఒక గిన్నెకు మూత వచ్చింది, రెండోదానికి రావాలి. కారు ఆపడానికి చోటు లేదు. పిల్లలతో, పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళకు ఆ నాలుగు స్టూళ్ళు చాలవు.

మార్గశిరం గురువారాలు బండి ఉండదు. ఆవిడ బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి వెళ్తుంది, మర్నాడు వచ్చినవాళ్ళందరికీ ఇడ్లీ కంటే ముందు ప్రసాదం చేతిలో పెడుతుంది. మిగతా రోజుల్లో ఏడున్నరలోపు వెళ్తే అన్నీ వేడిగా దొరుకుతాయి. ఫోన్‌తో డబ్బులు కట్టొచ్చు. వాన పడితే స్కానర్ తడవకుండా పిండి డబ్బా వెనక దాస్తుంది, అడిగితే తీసిస్తుంది.