గురక మిషన్ ఏడాదిన్నర వాడాక నా మాట

కరెంటు డిపార్టుమెంటులో ముప్పై నాలుగేళ్లు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. ఉండేది మిర్యాలగూడలో, రైస్ మిల్లుల పక్కనే. మిల్లుల సంగతి కింద అవసరం పడుతుంది, అందుకే ముందే చెప్తున్నా.

నిద్రలో గంటకు 41 సార్లు నా ఊపిరికి అడ్డు పడుతోందని పరీక్షలో తేలింది. 30 దాటితే తీవ్రమైన జబ్బు కిందే లెక్క అంది డాక్టరమ్మ. హైదరాబాదులో ఒక డీలరు దగ్గర ఆటో సీప్యాప్ మిషన్ (నిద్రలో మాస్కు గుండా గాలి తోస్తూ, ప్రెషర్ అవసరాన్ని బట్టి తనే మార్చుకునేది) యాభై రెండు వేలకు, ముక్కు మాస్కు విడిగా ఆరు వేలకు కొన్నాం. కంపెనీ పేరు, డీలరు పేరు రాయను. నేను పడ్డ తిప్పలు ఏ మిషన్‌తోనైనా పడేవే.

మొదటి వారం నరకం. మాస్కు పెట్టుకోగానే గాలి అందనట్టు గుండె దడ. మా ఆవిడ చూసి "ఏనుగు తొండం లెక్కున్నదయ్యా" అని ఒకటే నవ్వు. తర్వాత తెలిసిందేంటంటే, మిషన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే 4 నుంచి 20 ప్రెషర్ మీద ఉంది. డీలరు మనిషి ఇంటికొచ్చి ప్లగ్గు పెట్టి పోయాడే గానీ దాన్ని ముట్టుకోలేదు. 96 కిలోల మనిషిని, 4 మీద మొదలైతే నాకేం సరిపోతుంది? డాక్టరమ్మ 8 నుంచి 14కి మార్పించింది. ఆ రోజు నుంచి దడ లేదు. పొద్దున పొట్ట ఉబ్బడం, తేన్పులు కూడా తగ్గాయి. అంతకుముందు రాత్రంతా గాలి మింగుతున్నానట. ఈ నంబర్లు మాత్రం మీ అంతట మీరు మార్చకండి.

తర్వాత మీసం. ఇరవై ఏళ్ల వయసు నుంచీ పెంచిన మీసం నాది. ముక్కు మాస్కు దాని మీద కూర్చోదు, సందుల్లోంచి గాలి పోతుంది. దానికి తోడు నిద్రలో నోరు తెరుస్తాను, పొద్దునకి నాలుక అట్టముక్క అయ్యేది. తీసేయమంది ఆవిడ. నేను మాస్కే మార్చాను. ముక్కూ నోరూ కలిపి మూసే పెద్ద మాస్కులో మీసం లోపలే ఉండిపోతుంది. చివర్లు మాత్రం కత్తిరించక తప్పలేదు. ఇంకో ఎనిమిది వేలు వదిలాయి, కానీ మీసం దక్కింది.

ఇప్పుడు అసలు కథ. మొన్న చలికాలంలో ఒక రాత్రి రెండింటికి మిషన్ నుంచి బుస్సుమని చప్పుడు. పొద్దున తెర మీద ఏడుపు మొహం బొమ్మ. మా మిషన్‌లో లీకు నిమిషానికి 24 లీటర్లు దాటితే ఆ బొమ్మ వస్తుంది. డీలరుకు ఫోన్ చేశాను.

"మోటర్ పోయినట్టుంది అంకుల్. మిషన్ పంపండి, పద్నాలుగు వేలవుతుంది."

"వారంటీ ఉంది కద బాబూ?"

"తేమ తగిలితే వారంటీ రాదంకుల్."

"చూడకుండనే తేమ తగిలిందని నీకెట్ల తెల్సింది?"

లైన్ కట్ అయింది.

కరెంటు పోయిందని ఫోనొస్తే మేం ముందే ట్రాన్స్‌ఫార్మర్ విప్పం. స్తంభం మీది ఏబీ స్విచ్ చూస్తాం, ఫ్యూజు చూస్తాం, తీగల్ని కలిపే జంపరు తెగిందా చూస్తాం. 1981లో సిడ్నీ డాక్టర్ కోలిన్ సలివన్ ఈ పద్ధతి గురించి మొదటిసారి లోకానికి చెప్పినప్పటి నుంచి ఇవాళ్టి దాకా ఇందులో ఉన్నది ఒక ఫ్యాను, ఒక గొట్టం, ఒక మాస్కు. నేనూ వరసగా మొదలుపెట్టాను. గొట్టం పీకి, మిషన్ ఆన్ చేసి, గాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టాను. గట్టిగానే తోస్తోంది, అంటే మోటరుకు ఢోకా లేదు. గాలికి తేమ పట్టించే నీళ్ల డబ్బా తీసి రబ్బరు వాషరు తుడిచి, టక్కుమనేలా మళ్లీ బిగించాను. లీకు తగ్గలేదు. ఇక మిగిలింది గొట్టం. నాది హీటరు వైరు లేని మామూలు గొట్టం. ఒక కొన బొటనవేలితో మూసి, రెండో కొన నోట్లో పెట్టుకుని, బక్కెట్లో ముంచి ఊదాను, సైకిల్ ట్యూబుకు పంక్చరు చూసినట్టు. మాస్కు వైపు కొన దగ్గర బుడగలు! రోజూ తిప్పి పీకే చోట సన్నగా చీలింది. రెండు రాత్రులు టేపు చుట్టి నెట్టుకొచ్చాను. కొత్త గొట్టం ఎనిమిదొందల యాభై. లీకు 6కి దిగింది. పద్నాలుగు వేలెక్కడ, ఎనిమిదొందల యాభై ఎక్కడ!

ఫిల్టరు ఆరు నెలలకోసారి మార్చమని పుస్తకంలో రాశారు. ఆ పుస్తకం రాసినోళ్లు వడ్ల సీజన్లో మిర్యాలగూడ రాలేదు. మాకు ఊక దుమ్ముతో మూడు వారాలకే నల్లబడుతుంది, మోటరు ఈల వేయడం మొదలెడుతుంది. తెల్ల ఫిల్టరు కడగకూడదు. నేను కడిగి ఒకటి నాశనం చేశాను.

నీళ్ల డబ్బాలో బోరు నీళ్లు పోస్తే వారానికే అడుగున సున్నం పేరుకుంది. వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెడితే వదిలింది. బ్యాటరీ నీళ్లు పోద్దామా అంటే డాక్టరమ్మ కోప్పడింది, ఆ ఆవిరి పోయేది ఊపిరితిత్తుల్లోకి. ఇప్పుడు మెడికల్ షాపు డిస్టిల్డ్ వాటరే. చలికాలంలో గొట్టంలో తేమ చేరి అర్ధరాత్రి మొహం మీద చుక్కలు పడేవి. తేమ 5 నుంచి 3కి తగ్గించాను, మిషన్ను మంచం కంటే కిందున్న పీట మీద పెట్టాను. మా ఆవిడ పాత నూలు చీరతో గొట్టానికి తొడుగు కుట్టింది. కంపెనీ తొడుగు కంటే అదే నయం.

కరెంటు పోతే ఇన్వర్టరు మీద నడుస్తుంది, కాకపోతే నీళ్ల హీటరు ఆపేస్తే బ్యాటరీ చాలాసేపు వస్తుంది. పూర్తిగా ఆగిపోయినా భయం లేదు, పెద్ద మాస్కులో బయటి గాలి రావడానికి వాల్వు ఉంటుంది. కొనేముందు దాన్ని చూపించమని అడగండి.

డీలరు ఓజోన్ వాయువుతో మిషన్ శుభ్రం చేసే క్లీనరు అంటగట్టబోయాడు, తొమ్మిది వేలట. 2021 జూన్‌లో ఫిలిప్స్ వాళ్లు చప్పుడు తగ్గించడానికి లోపల పెట్టిన స్పాంజి లాంటి ఫోమ్ రాలుతోందని లక్షల మిషన్లు వెనక్కి పిలిచినప్పుడు, ఓజోన్ వాడితే అది ఇంకా పాడవచ్చని వాళ్లే చెప్పారు. నేను మాస్కూ గొట్టమూ గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడుగుతాను.

ఇప్పుడు ఆ 41 కాస్తా 3 లోపు ఉంటోంది. మధ్యాహ్నం పేపరు చదువుతూ తూలడం పోయింది. మిషన్‌కు అయిదుకు నాలుగు, అమ్మినవాళ్లకు ఒకటి.

నిన్న ఆ కుర్రాడే మళ్లీ ఫోన్ చేశాడు, ఏడాది సర్వీసు ప్యాకేజీ నాలుగు వేలు కట్టమని. "ఏం చేస్తరు బాబూ అందుల?" అన్నాను.

"ఫిల్టర్ మారుస్తాం అంకుల్."